డిజిటల్ దెయ్యాల వేటలో.. కొలువు పాఠాలు!

ఊళ్లో ఒక పుకారు. మూతి కుట్టేసిన మనిషి ఒకడు తిరుగుతున్నాడట. ఎదురుపడినవాళ్ల ‘సమయం’ దొంగిలించేస్తాడట! విన్నవాళ్లలో సగం మంది భయపడతారు, మిగతా సగం మంది నవ్వి వదిలేస్తారు. ‘అసలు ఏం జరిగింది? ఎక్కడ జరిగింది? ఎవరు చూశారు?’ అని అడిగేది మాత్రం ఒకరిద్దరే. జపాన్ అనిమే సిరీస్ ‘డిజిమాన్ ఘోస్ట్ గేమ్’ ఆ ఒకరిద్దరి కథ. పైకి పిల్లల కార్టూన్‌లా కనిపించినా, సైబర్ సెక్యూరిటీ వైపు చూస్తున్న డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇందులో పనికొచ్చే విషయాలు చాలానే ఉన్నాయి. పైగా ఈ సిరీస్‌ను తీసిన సంస్థకే నిజమైన ‘డిజిటల్ దెయ్యం’ పట్టింది. ఆ సంగతి కూడా చూద్దాం.

కథేంటి?

డిజిమాన్ అంటే డిజిటల్ మాన్‌స్టర్. 1997లో బందాయ్ సంస్థ చేతిలో ఇమిడే ఆటబొమ్మగా దీన్ని తెచ్చింది. 1999లో టీవీ సిరీస్ మొదలైంది. ఆ వరుసలో వచ్చిందే ‘ఘోస్ట్ గేమ్’. తోయీ యానిమేషన్ నిర్మించిన ఈ సిరీస్ 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు 67 ఎపిసోడ్లుగా ప్రసారమైంది.

హోలోగ్రామ్‌లు మామూలైపోయిన సమాజంలో కథ నడుస్తుంది. టెక్నాలజీకి అంతుపట్టని వింత ఘటనలు జరుగుతుంటాయి. వాటిని జనం ‘హోలోగ్రామ్ ఘోస్ట్’లు అంటుంటారు. హిరో అమనోకావా అనే స్కూలు కుర్రాడికి తండ్రి వదిలివెళ్లిన ‘డిజివైస్-వి’ అనే పరికరం దొరుకుతుంది. దాన్ని ఆన్ చేయగానే, మామూలు మనుషుల కంటికి కనిపించని డిజిమాన్‌లు అతనికి కనిపించడం మొదలవుతుంది. గామ్మామాన్ అనే పసి డిజిమాన్ బాధ్యత కూడా మీద పడుతుంది. హాస్టల్‌లో ఉండే కియోషిరో, సోషల్ మీడియాలో పేరున్న రూరీ తోడవుతారు. వాళ్లకు జెల్లీమాన్, అంగోరామాన్ అనే డిజిమాన్‌లు జత. ఇక ఎపిసోడ్‌కో కేసు.

పేర్లలో కూడా సరదా ఉంది. అమనోకావా అంటే జపనీస్‌లో పాలపుంత. గామ్మామాన్ రూపాలకు బెటెల్, కాస్, వెజెన్ అంటూ నక్షత్రాల పేర్లే పెట్టారు.

ముగ్గురు.. మూడు నైపుణ్యాలు

ఈ ముగ్గురిలో ఎవరూ ఒంటరిగా కేసు తేల్చలేరు. కంపెనీల్లో సెక్యూరిటీ బృందాలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి.

రూరీ: సమాచారం ముందు ఆమె దగ్గరకే వస్తుంది. వింత ఎక్కడ జరిగిందన్నా వదలదు, వెంటపడుతుంది. సెక్యూరిటీలో ఈ పనిని ‘థ్రెట్ ఇంటెలిజెన్స్’ అంటారు. ఏ ముఠా ఏ పద్ధతిలో దాడి చేస్తోంది, ఏ సాఫ్ట్‌వేర్‌లో కొత్త లోపం బయటపడింది అని రోజూ గమనించడం. చదవడం, పోల్చి చూడటం, రాయడం బాగా వచ్చినవాళ్లకు ఇది చక్కని దారి.

కియోషిరో: తెలివైనవాడు, టెక్నాలజీ మీద పట్టున్నవాడు. కానీ దెయ్యమంటే వణుకు! మనలో చాలామంది ఇంతే. కోడింగ్ వచ్చు, ప్రోగ్రామ్ రాయగలం. ‘సర్వర్ ఆగిపోయింది, ఏం చేద్దాం?’ అని ఎవరైనా అరిస్తే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. అయినా కియోషిరో వణుకుతూనే వెళ్తాడు. భయం లేకపోవడం అర్హత కాదు. భయం ఉన్నా చేయాల్సిన పని వరసగా చేసుకుంటూ పోవడం అలవాటు కావాలి. అందుకే సంస్థల్లో ‘ప్లేబుక్’లు ఉంటాయి. ప్రమాదం వచ్చినప్పుడు మొదట ఏది, తర్వాత ఏది అని ముందే రాసిపెట్టుకున్న క్రమం అది.

హిరో: వీడి బలం వినడం. చాలా కేసుల్లో ‘దెయ్యం’గా కనిపించిన డిజిమాన్‌కు తనదైన కారణం ఏదో ఉంటుంది. మనుషుల లోకం అర్థంకాక చేసిన పనో, ఎవరినో కాపాడాలనే మొండితనమో. హిరో ముందు ఆ కారణం పట్టుకుంటాడు. మాటతో సర్దుబాటు అయితే గొడవ అక్కడితో సరి. కుదరనప్పుడే పోరాటం. సెక్యూరిటీలో దీన్ని ‘రూట్ కాజ్ అనాలిసిస్’ అంటారు. వైరస్‌ను తీసేస్తే పని అయిపోదు. అది ఏ తలుపు నుంచి వచ్చిందో తేల్చకపోతే రేపు మళ్లీ వస్తుంది.

సిరీస్‌నే ఆపేసిన దెయ్యం

ఇప్పుడు అసలు కథ. 2022 మార్చి 6న తోయీ యానిమేషన్ నెట్‌వర్క్‌లోకి బయటివాళ్లు చొరబడ్డారు. సంస్థ తన సిస్టమ్‌లలో కొన్నింటిని ఆపేయాల్సి వచ్చింది. నిర్మాణం కుంటుపడింది. ‘ఘోస్ట్ గేమ్’తో పాటు ‘వన్ పీస్’ లాంటి పెద్ద సిరీస్‌ల కొత్త ఎపిసోడ్లు కూడా కొన్ని వారాలు నిలిచిపోయాయి. ఏప్రిల్‌లో రావాల్సిన ‘డ్రాగన్ బాల్ సూపర్: సూపర్ హీరో’ సినిమా జూన్ 11కు వాయిదా పడింది.

ఎలా జరిగింది? సంస్థ తర్వాత వెల్లడించిన వివరాల ప్రకారం, ఉద్యోగి ఒకరు పని కోసం అవసరమైన సాఫ్ట్‌వేర్‌ను బయటి వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేశారు. ఆ వెబ్‌సైట్‌ను అప్పటికే ఎవరో మార్చేశారు. అడిగిన సాఫ్ట్‌వేర్‌తో పాటే, రాన్సమ్‌వేర్‌కు దారి తెరిచే మరో ప్రోగ్రామ్ కూడా కంప్యూటర్‌లోకి దిగింది. సర్వర్లలో, కంప్యూటర్లలో కొంత డేటాకు తాళం పడింది.

ఆ ఉద్యోగి చేసిన పని గమనించండి. ఆటలు ఆడుకోలేదు, సినిమా పైరసీ చేయలేదు. ఆఫీసు పని కోసం ఒక డౌన్‌లోడ్! ఇది మనలో ఎవరికైనా జరగొచ్చు. అందుకే సెక్యూరిటీ బృందాలు మనుషుల జాగ్రత్త ఒక్కదాని మీదే ఆధారపడవు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ అసలుదేనా అని డిజిటల్ సంతకం, హ్యాష్ విలువ సరిచూస్తాయి. మామూలు ఉద్యోగి ఖాతాకు కొత్త ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఇవ్వవు. ఒక కంప్యూటర్ పాడైతే పక్కదానికి పాకకుండా నెట్‌వర్క్‌ను గదులుగా విడగొడతాయి. డేటాకు 3 కాపీలు, 2 రకాల మాధ్యమాల్లో, 1 కాపీ వేరే చోట ఉంచే ‘3-2-1’ పద్ధతి పాటిస్తాయి. ఈ నాలుగూ ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే అంశాలే. ఈసారి ‘రాన్సమ్‌వేర్ దాడిని ఎలా అడ్డుకుంటారు?’ అని అడిగితే, నిర్వచనం అప్పజెప్పే బదులు ఈ ఘటననే ఉదాహరణగా చెప్పి చూడండి. తేడా తెలుస్తుంది.

ఫ్రెషర్లకు ఎక్కడ చోటు?

ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా అడుగుపెట్టేది ‘సాక్’ అనలిస్ట్‌గా. సాక్ అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్. సంస్థలోని సర్వర్లు, ల్యాప్‌టాప్‌లు, ఫైర్‌వాల్‌ల లాగ్‌లన్నీ ‘సీమ్’ అనే వ్యవస్థలోకి వచ్చి చేరతాయి. అనుమానం కలిగితే అది అలర్ట్ ఇస్తుంది. ఆ అలర్ట్ నిజమైన దాడా, ఉత్తి గాలివాటమా అని తేల్చడం అనలిస్ట్ పని. ఎక్కువ శాతం ‘ఫాల్స్ పాజిటివ్’లే, అంటే దెయ్యం కాదు, గాలికి ఊగిన కర్టెన్! విసుగు పుడుతుంది. షిఫ్టులుంటాయి, రాత్రి డ్యూటీలు తప్పవు. వందో కర్టెన్ వెనక నిజంగానే ఎవరో నిలబడి ఉండొచ్చు కాబట్టి, వందోదాన్ని కూడా మొదటిదానిలాగే చూడగలిగేవాళ్లు కావాలి.

తర్వాతి మెట్లు: దాడి జరిగాక రంగంలోకి దిగే ఇన్సిడెంట్ రెస్పాన్స్, ఆధారాలు సేకరించే డిజిటల్ ఫోరెన్సిక్స్, హానికర ప్రోగ్రామ్‌లను విప్పి చూసే మాల్‌వేర్ అనాలిసిస్. ఫోరెన్సిక్స్‌లో సాంకేతికతతో పాటు చట్టం కూడా తెలియాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టు ఒప్పుకోవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఆధారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసిపెట్టాలి.

కోడింగ్ అంటే ఇష్టం లేదా? బీకామ్, బీబీఏ, బీఏ వాళ్లకూ దారులున్నాయి. ఆడిట్, రిస్క్, నిబంధనల అమలు చూసే ‘జీఆర్‌సీ’ విభాగంలో ఐఎస్‌ఓ 27001 లాంటి ప్రమాణాలు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెలిసినవాళ్లతో పని ఉంటుంది. సైబర్ ఘటనలు జరిగితే 6 గంటల్లో తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ నివేదికను సరైన భాషలో, సరైన సమయానికి రాసి పంపేవాళ్లు కూడా బృందంలో ఉండాలి కదా.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండిలా..

• ముందు నెట్‌వర్కింగ్, లైనక్స్ బేసిక్స్. ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్, పోర్ట్ అంటే ఏమిటో ఇంట్లో చెల్లికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. ఇవి రాకుండా ‘హ్యాకింగ్’ కోర్సుల్లో చేరితే డబ్బు దండగ.

• వెబ్ సెక్యూరిటీకి పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. ట్రైహ్యాక్‌మీలోనూ ఉచిత పాఠాలు ఉన్నాయి. నెట్‌వర్క్ ట్రాఫిక్ చూడటానికి వైర్‌షార్క్, డిస్క్‌లో ఆధారాలు వెతకడానికి ఆటాప్సీ రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

• సాధన కోసం ఇచ్చే నమూనా ఫైళ్లు తీసుకుని కేసు తేల్చండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఏ ఆధారంతో చెబుతున్నారు, ఇంకా తేలనిది ఏమిటి.. ఒక్క పేజీలో రాయండి. ఇలాంటి రిపోర్టులు నాలుగు ఉంటే రెజ్యూమెలో పది కోర్సుల పేర్లకన్నా బరువు.

• ప్రయోగాలు వర్చువల్ మెషిన్‌లోనే. కాలేజీ వైఫై మీద, ఫ్రెండ్ ఫోన్ మీద ‘ఊరికే ట్రై చేశా’ అంటే కుదరదు. అనుమతి లేకుండా ఇతరుల సిస్టమ్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 2000 కింద నేరం. కేసు పడితే ఉద్యోగం మాట దేవుడెరుగు!

• కోర్సు కావాలనుకుంటే సీ-డాక్ నడిపే సెక్యూరిటీ పీజీ డిప్లొమా, నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ కోర్సుల నోటిఫికేషన్లు గమనించండి. ‘నూటికి నూరుశాతం జాబ్ గ్యారంటీ’ అనే ప్రకటన చూస్తే, ఫీజు కట్టే ముందు అక్కడ చదివినవాళ్లు ఇద్దరితో మాట్లాడండి.

మీ కోసం తిరుగుతున్న దెయ్యాలు

ఉద్యోగం వెతుక్కునేవాళ్లను వేటాడే దెయ్యాలు వేరే ఉన్నాయి. పెద్ద కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్, వాట్సాప్‌లో ఇంటర్వ్యూ, ‘రిజిస్ట్రేషన్ ఫీజు’, ‘ల్యాప్‌టాప్ డిపాజిట్’. డబ్బు పోవడం చిన్న నష్టం. కాంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లినవాళ్లు అక్కడ బందీలై, పాస్‌పోర్టులు లాక్కుంటే, సాటి భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసం చేయాల్సిన గతి పట్టింది. 2024లో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ముఠాల వ్యవహారాన్ని బయటపెట్టారు. బాధితుల్లో మన తెలుగు యువకులూ ఉన్నారు.

ఇక్కడా రూరీ, కియోషిరో, హిరోల పద్ధతే పనికొస్తుంది. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చింది? ఒక్క అక్షరం అటూ ఇటూ ఉందా? ఆ ఉద్యోగం కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో ఉందా? విదేశీ కొలువైతే ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ‘టూరిస్ట్ వీసా మీద రండి, అక్కడ మార్చేస్తాం’ అన్నారంటే అక్కడితో ఆపేయండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు వేరే ఖాతాలకు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

సిరీస్ చూడాలనుకుంటే పరీక్షలయ్యాక చూడండి. 67 ఎపిసోడ్లు, ఒకేసారి కూర్చుంటే లేవరు! చూసేటప్పుడు ఒక చిన్న పని పెట్టుకోండి. ప్రతి కేసులో సగం దాకా వచ్చాక ఆపి, ఇప్పటివరకు దొరికిన ఆధారాలేంటి, దెయ్యం వెనక కారణం ఏమై ఉంటుంది అని రెండు వాక్యాలు రాయండి. తర్వాత మిగతాది చూసి సరిచూసుకోండి. సాక్‌లో చేరిన మొదటి రోజు మీ చేత చేయించే పని కూడా ఇంచుమించు ఇదే.