పడని ఆహారం: వంశమా, పరిసరమా?

“మా మామగారికి రొయ్యలు పడేవి కావు, మనవడికీ పడవు. ఇది మా వంశంలోనే ఉన్నదండీ” అని గోదావరి మండలాల గృహిణులు నాతో తరచు అంటూ ఉంటారు. ఆ మాటలో సత్యం సగమే. మిగిలిన సగం తెలియక కొందరు పసివారికి మంచి ఆహారాన్ని నిష్కారణంగా మాన్పిస్తున్నారు. మరికొందరు ప్రమాదాన్ని తేలికగా తీసుకుంటున్నారు.

ఆహారపు అలర్జీ అజీర్ణం కాదు. హాని చేయని ఆహారంలోని మాంసకృత్తును శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భ్రమించడమే అలర్జీ.

ఇందులో బీజప్రభావం ఎంత? వేరుశనగ పడని కవలలను గురించి 2000లో అమెరికాలో ఒక పరిశీలన వెలువడింది. ఒకే అండం నుండి పుట్టిన కవలలలో సుమారు 64 శాతం జంటలలో ఇద్దరికీ పడలేదు. వేర్వేరు అండాల కవలలలో ఇది 7 శాతమే. కనుక వంశబలం గొప్పదే. అయినా ఒకే బీజం గల జంటలలో మూడవ వంతుకు పైగా రెండవవారికి రాలేదు గదా! అక్కడ పరిసరం పనిచేసింది. చరకాచార్యులు సైతం ప్రకృతికి శుక్రశోణితాలతోపాటు కాలాన్ని, గర్భాశయాన్ని, తల్లి ఆహారవిహారాలను కారణాలుగా చెప్పారు.

ఫిలాగ్రిన్ అనే జన్యువులో లోపమున్న కొందరికి చర్మం పొడిబారి ఎగ్జిమా వస్తుంది. అట్టి చర్మం ద్వారా ఆహారపు రేణువులు లోపలికి చేరితే శరీరం వాటితో వైరం నేర్చుకుంటుందనీ, తగిన వయసులో నోటి ద్వారా అందితే మైత్రి నేర్చుకుంటుందనీ నేటి శాస్త్రజ్ఞుల భావన. లండన్‌లో జరిగి 2015లో వెల్లడైన పరిశోధన దీనికి బలమిచ్చింది. తీవ్రమైన ఎగ్జిమాగాని, గుడ్డు అలర్జీగాని ఉన్న 640 మంది శిశువులలో, వేరుశనగ మాన్పించినవారిలో అయిదేళ్లకు 17 శాతం మందికి ఆ అలర్జీ వచ్చింది. తినిపించినవారిలో 3 శాతం మందికే వచ్చింది.

ఇక మన రొయ్య సంగతి. అందులోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తును పోలినదే బొద్దింకలలోను, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులలోను ఉంటుంది. తేమ గల మన డెల్టా ఇళ్లు ఆ పురుగులకు అనుకూలం. వాటిపై వైరం పెంచుకున్న శరీరం కొందరిలో రొయ్యనూ శత్రువుగా గుర్తిస్తుంది. ఈ మాంసకృత్తు వేడికి చెడదు. ఎంతసేపు ఇగిర్చినా ఫలితం లేదు.

కనుక గృహిణులు గమనించవలసినవి:

1. ఎగ్జిమాతో పగిలిన పసివారి చర్మానికి సెనగపిండి నలుగు, వేరుశనగ నూనె మర్దనా వద్దు. ముందు ఎగ్జిమాకు చికిత్స చేయించండి.

2. ఆరవ నెలలో అన్నప్రాశన అయిన పిదప పప్పు, బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా నూరి పలుచన చేసిన వేరుశనగ ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. గింజలు గొంతుకు అడ్డుపడతాయి, పెట్టరాదు. తీవ్రమైన ఎగ్జిమా గాని, ఇదివరకే ఏదైనా పడకపోవడం గాని ఉంటే ముందుగా వైద్యుని సంప్రదించండి.

3. అలర్జీ ఉన్నదని తేలిన ఆహారాన్ని ఇంటిలో కొంచెం కొంచెంగా పెట్టి పరీక్షించరాదు. మా శాస్త్రంలోని ఓకసాత్మ్యాన్ని, అనగా అభ్యాసంతో సరిపడేటట్లు చేసుకోవడాన్ని, ఇక్కడ అన్వయించడం ప్రాణాపాయం.

4. తిన్న కొద్దిసేపటికే నాలుక, గొంతు వాచినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఆ క్షణంలో ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షనే. గురుకులంలో ఆయుర్వేదం అభ్యసించిన నేనే ఈ మాట చెబుతున్నాను.

బీజం మన చేతిలో లేదు. పసివాని చర్మం, పళ్లెం, పడక మన చేతిలోనివే.