దోమ లార్వాలను తినే మన చెరువు మొక్క

గోదావరిఖని, రామగుండం కార్మికవాడల్లో ఎండాకాలం కూలర్ తప్పదు, వానలు పడ్డాక దోమల బెడదా తప్పదు. పురుగులను తినే మొక్కను ఇంట్లో పెంచుకుంటే దోమల మందుతో పనిలేదన్న ఆశ సహజమే. అలాంటప్పుడు ముందుగా గుర్తొచ్చేది వీనస్ ఫ్లైట్రాప్. అమెరికాలోని కరోలినా చిత్తడి నేలల్లో పుట్టిన ఈ మొక్కకు చలికాలపు విశ్రాంతి, లవణాలు లేని నీరు కావాలి. బొగ్గుగనుల ప్రాంతపు ఎండలో, బోరు నీటితో బతకడం కష్టం. బతికినా ఒక పురుగును అరిగించుకోవడానికి ఒక్కో ఆకుకు వారం దాకా పడుతుంది. ఇంట్లో దోమలు తగ్గడానికి ఆ వేట చాలదు.

మనకు పనికొచ్చే మొక్క తెలంగాణ చెరువుల్లోనే ఉంది. దాని పేరు యుట్రిక్యులేరియా. వేళ్లు లేకుండా నీటిలో తేలుతుంది, పసుపు పూలు మాత్రం నీటిపైకి వస్తాయి. దారాల్లాంటి ఆకులకు కొద్ది మిల్లీమీటర్ల తిత్తులుంటాయి. తిత్తి తనలోని నీటిని బయటికి తోడేయడంతో గోడలు లోపలికి లాగుకొని బిగుసుకుంటాయి. మూత దగ్గరి నూగును లార్వా తాకిందా, మూత లోపలికి తెరుచుకుంటుంది, నీటితోపాటు లార్వా తిత్తిలో పడుతుంది. ఇదంతా మిల్లీసెకను లోపే. ఈ ప్రజాతికి చెందిన యుట్రిక్యులేరియా మాక్రోరైజా ప్రయోగశాలలో డెంగీని వ్యాప్తి చేసే ఏడిస్ దోమ లార్వాలను ఐదు రోజుల్లో దాదాపు పూర్తిగా తినేసిందని 2020లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి ఆ వేగం విలువైనదే.

ప్రయోగశాల వేరు, చెరువు వేరు అనేవారి మాటలో నిజముంది. చెరువులో ఈ మొక్కకు వేరే జీవులూ ఆహారంగా దొరుకుతాయి, బాగా ఎదిగిన లార్వా చిన్న తిత్తిలో పట్టదు. ఓపెన్‌కాస్ట్ గనుల గుంతల నీటిలో ఈ మొక్క బతుకుతుందో లేదో ఆ నీటిని పరీక్షించి, కొద్దిగా పెంచి చూశాకే తేల్చాలి. పైగా డెంగీ దోమ ఎక్కువగా పుట్టేది చెరువులో కాదు, కూలర్లో, డ్రమ్ములో, పాత టైరులో. అక్కడ నీళ్లు పారబోయడమే మందు. లార్వాలను తినే గంబూసియా చేపలు ఉన్నాయి కదా అనవచ్చు. బయటినుంచి తెచ్చిన ఆ చేప లార్వాలతోపాటు మన చేపపిల్లలనూ తింటుంది. యుట్రిక్యులేరియా ఇక్కడి నీటిలో ఎప్పటినుంచో ఉన్నదే. అందుకే దాన్ని ఒక తోడుగా వాడుకోవచ్చు, ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

కూలర్‌ను వారానికోసారి తోమి ఆరబెట్టండి. ఎరువులు, మురుగు చేరిన నీటిలో ఈ మొక్క క్షీణిస్తుంది. కాబట్టి చెరువులోకి మురుగు రానివ్వకండి. పసుపు పూల నీటిమొక్క కనిపిస్తే కలుపనుకొని పీకేయకండి.