మీకు తెలుసా? పగలు ఇసుకలో, రాత్రి వెలుగులో!
హవాయి దీవుల్లో లోతు తక్కువ ఇసుక తీరాల్లో ఉండే బాబ్‌టెయిల్ స్క్విడ్ పొడవు సుమారు 3 సెంటీమీటర్లే. తెల్లవారితే ఇసుకలోకి దిగబడి, చేతులతో మిగతా ఇసుకను తలమీదికి లాక్కుంటుంది. చర్మంలో ఊరే జిగురుకు రేణువులు అంటుకుపోతాయి. ఇక కనిపెట్టడం కష్టమే.

అసలు తమాషా రాత్రిపూట!

రొయ్యల వేటకు బయల్దేరితే, వెన్నెల్లో దాని నీడ కిందున్న శత్రువుల కంట పడాలి. కానీ పడదు! పొట్టవైపున్న ఒక అవయవంలో మెరిసే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. దాని మెరుపుతోనే, పైనుంచి పడే వెలుతురుకు సరిపడా కాంతిని స్క్విడ్ కిందికి వదిలి నీడను మాయం చేస్తుంది. ఈ బ్యాక్టీరియా పుట్టుకతో వచ్చేది కాదు. గుడ్డు నుంచి బయటపడ్డ గంటల్లోనే సముద్రపు నీటి నుంచి చేరుతుంది. ఇంత ఉపకారం చేసినా, రోజూ తెల్లవారగానే ఆ బ్యాక్టీరియాలో దాదాపు 95 శాతాన్ని స్క్విడ్ బయటికి గెంటేస్తుంది! మిగిలినవే సాయంత్రానికి మళ్లీ నిండుతాయి.

2021 జూన్‌లో ఈ స్క్విడ్ పిల్లలు ప్రయోగాల కోసం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికీ వెళ్లాయి.