పీల్చే మందుల విశ్లేషణ

పీల్చే మందుల విశ్లేషణ అనగా ఇన్‌హేలరు నుండి వెలువడే మందు ఎంత, దాని కణాల పరిమాణమెంత, అందులో కలిసిన మలినాలేవి అన్న విషయాలను ప్రయోగశాలలో నిర్ధారించే పద్ధతుల సముదాయం.

ఇన్‌హేలరులో మందు మోతాదు సరిగా ఉంటే చాలదు. సుమారు 1 నుండి 5 మైక్రోమీటర్ల కణాలే శ్వాసనాళాల లోపలికి చేరుతాయి. అంతకంటె పెద్దవి అధికభాగం నోటిలోను, గొంతులోను అంటుకొనిపోతాయి. పొడిరూపంలోని మందుకు తేమ తగిలి కణాలు ముద్దకడితే, రసాయన పరీక్షలో మోతాదు సరిగానే తేలుతుంది. ఆయాసపడుతున్న ఉబ్బస రోగికి మాత్రం ఉపశమనం కలుగదు. అందుచేత కణ పరిమాణ పరీక్షయే ఈ విశ్లేషణకు ప్రాణం వంటిది.

కాస్కేడ్ ఇంపాక్టరు

ఈ పరీక్షకు వాడే పరికరాలలో ఆండర్సన్ ఇంపాక్టరు ప్రసిద్ధమైనది. దీనిని 1958లో గాలిలోని సూక్ష్మజీవులను పట్టి లెక్కించడానికి రూపొందించారు. మందుల పరీక్షకు తరువాత వచ్చింది. ఇందులో ఒకదానిక్రింద ఒకటిగా 8 అంతస్తులు ఉంటాయి. ప్రతి అంతస్తులోను రంధ్రాలు గల పలక, దాని క్రింద కణాలను పట్టే పళ్ళెం ఉంటాయి. పైభాగాన మనిషి గొంతును పోలిన లోహపు వంపు గొట్టం, అడుగున వడపోత కాగితం అమర్చుతారు. పంపు నిమిషానికి 28.3 లీటర్ల (ఒక ఘనపుటడుగు) గాలిని లాగుతుండగా ఇన్‌హేలరును గొట్టంలోనికి నొక్కుతారు.

దీనిని జల్లెడ అనుకోరాదు. కణాలు రంధ్రాలలో చిక్కుకొనవు. క్రిందికి పోయేకొద్దీ రంధ్రాలు సన్నబడి గాలి వేగం పెరుగుతుంది. గాలి పళ్ళెం అంచు వైపు మళ్ళినపుడు బరువైన కణం దానితో మళ్ళలేక పళ్ళేనికి తగిలి నిలిచిపోతుంది, తేలికది క్రింది అంతస్తుకు పోతుంది. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటపుడు పొల్లు గాలితో పోయి, గింజ దగ్గరలోనే రాలడం ఇటువంటిదే.

తరువాత గొట్టాన్ని, ఒక్కొక్క పళ్ళేన్ని విడివిడిగా ద్రావణితో కడిగి, ఆ ద్రావణాలలోని మందును హెచ్.పి.ఎల్.సి. (అధిక పీడన ద్రవ వర్ణలేఖనం) ద్వారా కొలుస్తారు. సాల్బుటమాల్ ఇన్‌హేలరు ఒక్కొక్క నొక్కుకు ఇచ్చేది సాధారణంగా 100 మైక్రోగ్రాములు. అది ఇన్ని పళ్ళేలకు పంచుకోగా మిగిలేది స్వల్పం. కడగడంలో ఏమరుపాటు పనికిరాదు. అన్నిటి మొత్తం ఇన్‌హేలరు విడుదల చేసిన మోతాదుకు దగ్గరగా రాకపోతే ఆ పరీక్షను నమ్మరాదు.

మలినాలు

మందు విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థాలను కూడ హెచ్.పి.ఎల్.సి. తోనే గుర్తిస్తారు. ఇన్‌హేలరుకు ప్రత్యేకమైన చిక్కు డబ్బా నుండే వస్తుంది. మందును తోసే ద్రవీకృత వాయువు, కొన్నింటిలో దానికి తోడు ఆల్కహాలు, కవాటంలోని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలను నెలల తరబడి తాకుతూ వాటిలోని పదార్థాలను కొద్దికొద్దిగా కరిగించుకొంటాయి. రబ్బరు తయారీలో మిగిలిపోయిన నైట్రోసమైనులు అటువంటివి. వీటిలో పలు రకాలు క్యాన్సరు కారకాలు. ఓజోను పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా క్లోరోఫ్లోరోకార్బన్ల స్థానంలో హైడ్రోఫ్లోరోఆల్కేనులు వచ్చినపుడు కవాటాల రబ్బరును కూడ మార్చి, ఈ పరీక్షలను మళ్ళీ చేయవలసి వచ్చింది. ఇటువంటి లేశమాత్రపు మలినాలను పట్టుకొనడానికి వాయు వర్ణలేఖనాన్ని మాస్ స్పెక్ట్రోమీటరుతో జోడించి వాడతారు. డబ్బాలను 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం గాలి తేమ వద్ద 6 నెలలు ఉంచి, మధ్యమధ్య తీసి పరీక్షించడం కూడ ఇందులో భాగమే.