తిరుపతి యాత్ర: ఎక్కడ దిగవలెను? ఏమేమి చూడవలెను?

ఇప్పుడు మన యిండ్లలోని పిల్లలు ఐరోపా ఖండమునకు సయితము విహారార్థము పోవుచున్నారు. ప్యారిస్ నగరమున ఏ వీథిలో బస చేయవలెనో, రోమునగరమున ఏ దినమున ఏ కట్టడము చూడవలెనో ఆరుమాసములకు ముందే వ్రాసికొని, గదులకు రుసుము చెల్లించి, పిదపనే ప్రయాణమునకు ఉద్యుక్తులగుచున్నారు. ఆ పిల్లలే తిరుపతి యాత్ర యనగానే “అక్కడికేమి, దిగినపిమ్మట చూచుకొందము” అందురు. పెద్దలమైన మనమును అట్లే అనుచున్నాము. దూరమునకు పోవునప్పుడు ఉండెడి జాగ్రత్త దగ్గరకు పోవునప్పుడు ఉండదు. ఈ యజాగ్రత్తవలన కలుగు కష్టము ఇంటిలో ఎవరిమీద పడునో వేరుగ చెప్పనక్కరలేదు. వృద్ధులకు చోటు వెదకువారము, పసివారికి పాలు కాచువారము, తడిగుడ్డలు ఆరవేయువారము మనమే గదా! కావున ఈ విషయమును గూర్చి మాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాము.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట వేసవి సెలవులలో ఒక శనివారము రాత్రి మేము తిరుపతిలో రైలు దిగితిమి. వెంట డెబ్బదియేండ్లు దాటిన మా యత్తగారు, ఇద్దరు బిడ్డలు. ముందుగా ఎక్కడను గది ఏర్పాటు చేసికొనలేదు. అడిగిన చోటనెల్ల ఖాళీ లేదనిరి. రెండు గంటల రాత్రివేళ ఒక అరుగుమీద దుప్పటి పఱచి అత్తగారిని పరుండబెట్టితిమి. మరునాడు కొండమీద పగలెల్ల వరుసలో గడచినది. దర్శనమైనది గాని, మోకాళ్లు వాచి ఆమె మరి యెక్కడికిని రాలేకపోయెను. తిరుచానూరు, శ్రీకాళహస్తి, అన్నిటికంటె ముఖ్యముగా తరిగొండ వెంగమాంబగారి బృందావనము చూడవలెనని ఆమె కోరిక. చిన్ననాట తల్లి తనకు వెంగమాంబ కథ చెప్పెడిదట. వీనిలో నొక్కటియు చూడకయే తిరిగి వచ్చితిమి. రైలులో ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు. “అమ్మాయీ, స్వామి పిలిచినాడు గాని నడుము వాల్చ చోటు చూపలేదే!” అని నవ్వెను. కోపించియున్న మాకింత బాధ కలుగకపోవును.

ఈ విషయమున మన పూర్వులే మేలు. చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి తిరుపతి మీదుగనే పోయిరి. ఏ మజిలీలో దిగుటకు వసతి యున్నది, నీరు మంచిదా, వంట సామగ్రి దొరకునా, దారి యెట్టిది, అని ప్రతి యూరికిని వ్రాసికొనిరి. రైలు లేని దినములలో వారికున్న ముందుచూపు, గడియలో గది నిర్ణయించుకొనగల యంత్రము చేతిలోనున్న మనకు లేకపోవుట చిన్నతనము కాదా?

ఎప్పుడు పోవలెను?

బస కంటె ముందు కాలము నిర్ణయించుకొనవలెను. వేసవి సెలవులు, శని ఆదివారములు, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి, సంవత్సరాది దినములు: వీనియందు జనసమ్మర్దము మిక్కుటము. 2025వ సంవత్సరము జనవరి 8వ తేదీన వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొఱకు తిరుపతిలో గుమిగూడిన జనుల తొక్కిసలాటలో ఆరుగురు మరణించిరి. ముసలివారిని, పసిబిడ్డలను వెంటబెట్టుకొని అట్టి దినములలో పోవుట భక్తి యనిపించుకొనదు. స్వామి ఏకాదశినాడే కాదు, మామూలు మంగళవారమునను అక్కడనే యున్నాడు. బడులు తెఱచియుండు కాలమున వారము నడుమ దినములలో పోయినచో, బిడ్డలకు రెండుదినముల చదువు పోయినను పెద్దలకు ప్రాణము కుదుటపడును.

అరువదియైదేండ్లు దాటిన వృద్ధులకును, ఏడాది నిండని శిశువులతో వచ్చు తలిదండ్రులకును దేవస్థానమువారు ప్రత్యేక దర్శనపు ఏర్పాటు చేసియున్నారు. ఇట్టి నియమములు మారుచుండును గనుక, బయలుదేరుటకు ముందు దేవస్థానమువారి ప్రకటననే చూచుకొనవలెను. దళారుల మాట నమ్మరాదు. ప్రతివారి ఆధారు పత్రమును దగ్గర నుంచుకొనవలెను.

కొండపైన దిగుటయా, క్రింద దిగుటయా?

ఇది అందఱును అడుగు ప్రశ్న. దీనికి ఒకే సమాధానము లేదు. తిరుమలలో దేవస్థానమువారి కాటేజీలు, అతిథిగృహములు గలవు. గది దొరకని వారు సామాను పెట్టెలో భద్రపఱచుకొని పరుండుటకు ఉచిత వసతిశాలలును కలవు. పైన నుండుటలో సుఖమేమన, గాలి చల్లన, గుడి దగ్గర, తెల్లవారుజామున లేచి మాడవీథులలో తిరుగవచ్చును. 2011లో నిర్మాణము ముగిసిన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున భోజనము ఉచితము, కావున వంటచింత లేదు. కాని పైననుండి ప్రతిదినము క్రిందికి దిగి తక్కిన క్షేత్రములు చూచి మరల ఎక్కుట వృథా ప్రయాస. కొండదారి మలుపులలో కడుపు త్రిప్పు బిడ్డలున్నచో చెప్పనక్కరలేదు.

క్రింద తిరుపతిలో రైలు స్టేషను ఎదుట విష్ణునివాసము, బస్సుల స్టాండు ఎదుట శ్రీనివాసము అను దేవస్థానపు వసతిగృహములు గలవు. ఇవి గాక ప్రైవేటు హోటళ్లు అనేకము. క్రింద దిగినవారికి అన్ని దిక్కులకును బండ్లు దొరకును, మందుల దుకాణము, పాలు, పండ్లు దగ్గర.

మా అనుభవమున మేలైన పద్ధతి యిది. రాగానే కొండ యెక్కక, మొదటి రాత్రి క్రిందనే దిగి అలసట తీర్చుకొనవలెను. రెండవ రాత్రి మాత్రము కొండమీద నుండి, దర్శనము కానిచ్చుకొని, తిరిగి క్రిందికి రావలెను. ముసలివారున్నచో గది నేలయంతస్తుననా, లిఫ్టు కలదా, స్నానపుగదిలో కాలుజారని నేల యున్నదా, అని ముందే విచారించుట మంచిది. అద్దె నాలుగు రూపాయలు తక్కువయని మూడవ అంతస్తు గది పుచ్చుకొన్నచో, ఆ మిగిలిన డబ్బు వైద్యునికి చెల్లించవలసివచ్చును.

నడచి యెక్కుదమనువారికి

అలిపిరినుండి 3,550 మెట్లు. గాలిగోపురము వఱకు ఎక్కుడు మిక్కిలి నిటారు. పిమ్మట కొంత సుగమమై, చివర మోకాళ్ల పర్వతము మరల పరీక్షించును. శ్రీనివాస మంగాపురము వైపునున్న శ్రీవారి మెట్టు 2,388 మెట్లే. దూరము తక్కువ గనుక ఓపిక గలవారికి త్వరగా ముగియును. పెండ్లియైన పిదప పద్మావతీ సమేతుడై స్వామి ఈ త్రోవనే కొండకు పోయినాడని ప్రతీతి. మొక్కుకొన్నవారు నడువవలసినదే. కాని మొక్కు మనదైనచో నడక మనదే, అత్తగారిని, బిడ్డలను బలవంతపెట్టరాదు. 2023వ సంవత్సరము ఆగస్టులో అలిపిరి త్రోవలో ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడి మరణించినది. నాటినుండి బిడ్డలతో నడుచువారి విషయమున వేళల కట్టుబాట్లు చేసిరి. బిడ్డను ముందు పరుగెత్తనీయక చేయి పట్టుకొనియే నడువవలెను. తక్కినవారికి 1944వ సంవత్సరము ఏప్రిలులో తెఱువబడిన ఘాటు రోడ్డును, 1974లో వేసిన రెండవ రోడ్డును ఉండనే యున్నవి.

మరియొక మాట. తిరుమలలో పూలన్నియు స్వామివేయని పెద్దల మాట. అక్కడ స్త్రీలు తలలో పూలు తుఱుముకొనరు. ఆడపిల్లలకు ఈ సంగతి ముందుగా చెప్పినచో పైకి పోయినపిమ్మట పేచీ యుండదు.

చూడదగినవి

అన్నియు చూడవలెనను ఆశయే యాత్రను చెఱచును. ఒక దినమునకు ఒకే దిక్కు అని నియమము పెట్టుకొనవలెను.

తిరుపతిలోనే గోవిందరాజస్వామి ఆలయము, కొండ పాదమున కపిలతీర్థము గలవు. వానలు కురిసిన దినములలో కపిలతీర్థపు జలపాతము పిల్లలకు పండుగ. అయిదు కిలోమీటర్ల దూరమున తిరుచానూరు, అలమేలుమంగమ్మ సన్నిధి. ఇవి మొదటి సాయంకాలమునకు చాలును.

పడమటి దిక్కున శ్రీనివాస మంగాపురము, దానికి సమీపముననే చంద్రగిరి. విజయనగరపు తుదిరాజుల రాజధాని యిది. అక్కడి రాజమహలును కలప వాడక రాతితో, ఇటుకతో, సున్నముతో కట్టిరి. ఇప్పుడది పురావస్తు ప్రదర్శనశాల. చరిత్ర చదువు బిడ్డలకు ఇది తప్పక చూపవలెను. చిత్తూరు పోవు దారియు ఇదియే. ఒక పూర్తి దినము చేతనున్నవారు చిత్తూరు చెంతనున్న కాణిపాకమునకు పోయి, బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుని దర్శించి రావచ్చును.

తూర్పున శ్రీకాళహస్తి. స్వర్ణముఖీ తీరమున వాయులింగము, కన్నప్ప కథాస్థలము. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురము 2010వ సంవత్సరము మే 26వ తేదీన కూలిపోయెను. దాని స్థానమున క్రొత్తది లేచినది. కాళహస్తి సేవించిన పిమ్మట వేఱొక గుడికి పోక యింటికే పోవలెనని వాడుక గలదు. కనుక దీనిని చివరి దినమున నుంచుకొనుట ఆచారమునకును సరిపడును, ప్రయాణమునకును సరిపడును. గూడూరు వైపు పోవు రైళ్లలో పెక్కు అక్కడ ఆగును. దారిలో ఏర్పేడు ప్రాంతమున గుడిమల్లము గలదు. అచ్చటి లింగముపై చెక్కిన శివరూపము క్రీస్తుకు పూర్వపుదని పండితులు పలువురు చెప్పుదురు.

కాళహస్తిలో కలంకారీ పనివారి యిండ్లను చూడక రారాదు. గుడ్డను కరక్కాయ కషాయమునను పాలలోను తడిపి ఆరవేసి, వెదురుకలముతో బొమ్మలు వ్రాయుదురు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి నల్లరంగు చేయుదురు. ఒక చీర ముగియుటకు పెక్కు దినములు పట్టును. ఆ పని కన్నులార చూచినవారు బేరమాడుటకు కొంచెము సిగ్గుపడుదురు. అచ్చొత్తిన గుడ్డను చేతివ్రాతయని అమ్మువారును కలరు. చేతిగీతలో ఒక ఆకు మరియొక ఆకువలె నుండదు, అదియే గుర్తు.

మా రెండవ యాత్ర

పై చెప్పిన క్రమముననే మేము మరల పోతిమి. ఆశ్వయుజము గడచిన తరువాత ఒక బుధవారమున దిగితిమి. గది రెండుమాసముల ముందే నిర్ణయించుకొంటిమి. అత్తగారికి డెబ్బదియాఱవ యేడు. చంద్రగిరియు, కాణిపాకమును మానుకొంటిమి. బిడ్డలు కొంచెము అలిగిరి.

మూడవ దినమున, దర్శనమైన మరునాడు, అత్తగారిని మెల్లగా వెంగమాంబగారి బృందావనమునకు తీసికొనిపోతిమి. బాల్యముననే భర్తను గోల్పోయి, శిరోముండనమునకు ఒప్పుకొనక, కొండ చేరి కావ్యములు వ్రాసిన ఆ తల్లి 1817లో పరమపదించినది. నేటికిని రాత్రి ఏకాంతసేవలో ముత్యాలహారతి ఆమె పేరనే జరుగును. అత్తగారు అక్కడ కూర్చుండి, తన తల్లి చెప్పిన కథ మా చిన్నదానికి మొదటినుండి చెప్పిరి. చెప్పుటకు దాదాపు గంట పట్టినది. మమ్ము ఎవ్వరును లెమ్మనలేదు, పొమ్మనలేదు. మేమును తొందరపెట్టలేదు, ఏలయన ఆ పూట మేము చేరవలసిన చోటు మరియొకటి లేదు.

సోదరీమణులారా! మీ యింటనుండి ఎవరైన తిరుపతికి పోదలచినచో, ముందు ఒక కాగితము తీసికొని, “మన వెంట వచ్చువారిలో అందఱికంటె మెల్లగా నడుచువారెవరు? వారు చూడగోరునదేమి?” అను రెండు ప్రశ్నలు వ్రాయుడు. బసను మొదటిదానినిబట్టియు, చూడవలసినవానిని రెండవదానినిబట్టియు నిర్ణయించుకొనుడు. మిగిలిన క్షేత్రములు ఎక్కడికిని పోవు. మరల ఒకమారు పోయి చూడవచ్చును.