బస్సులోంచి కనిపించని ఆదోని

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు 30 కిలోమీటర్ల లోపే. బస్సెక్కితే ముప్పావుగంట, కాస్త అటూ ఇటూ. ఆ కాసేపట్లో చాలామందిమి ఫోన్ చూస్తాం, లేదంటే ఓ కునుకు తీస్తాం. కళ్లు తెరిచేసరికి బస్టాండు. మధ్యలో ఏముందంటే 'ఏముంటుందిలే, పొలాలు' అనేస్తాం.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఏడాదిలో సగం రోజులు ఆదోనిలోనే ఉంటున్నా. మొన్న చలికాలంలో ఓ ఆదివారం తెల్లారకముందే సైకిలేసుకుని ఒక్కణ్నే బయల్దేరా. పెట్టుకున్న నియమం ఒక్కటే: పోయేటప్పుడు హైవే ఎక్కకూడదు. ఆదోని, పెద్దతుంబళం, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు మీదుగా మళ్లీ ఆదోని. చుట్టి వచ్చేసరికి 75 కిలోమీటర్ల పైచిలుకే.

పెద్ద నగరాల్లో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో తొక్కేసి పతకాలు తెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లతో పోలిస్తే ఇదేం లెక్కలోకి రాదు. కానీ ఓ చిన్న లెక్క చూడండి. కిలోమీటరు పొడవున్న ఊరిని గంటకు 60 వేగంతో పోయే బస్సు ఒక్క నిమిషంలో దాటేస్తుంది. 15తో పోయే సైకిల్‌కు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల తేడాలోనే ఊరు మనల్ని చూస్తుంది, మనం ఊరిని చూస్తాం.

ఊరు ఎక్కడ అయిపోతుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోనిలో లక్షా 66 వేల మంది. పత్తి వ్యాపారం వల్ల ఒకప్పుడు 'రెండో బొంబాయి' అని పేరు. ముంబై-చెన్నై రైలు మార్గం మీద ఉండటం దీనికి కలిసొచ్చింది. ఆ పేరు ఎంతవరకు మిగిలిందో తెలియాలంటే శివారుకు రావాలి. ఒకపక్క జిన్నింగ్ మిల్లులు, గోడల మీద, కరెంటు తీగల మీద అంటుకున్న దూది. ఇంకోపక్క రియల్ ఎస్టేట్ వెంచర్లు. పెద్ద ఆర్చీ, దాని మీద ఏదో నగర్ అని పేరు, లోపల రంగేసిన హద్దురాళ్లు, వాటి మధ్య మేస్తున్న గొర్రెలు. నిన్నటిదాకా పత్తి పండిన నేలే అది.

తెల్లవారుజామునే మార్కెట్ యార్డు వైపు ట్రాక్టర్లు వరసకట్టాయి. ఓ రైతన్న టీ కోసం ఆగితే మాట కలిసింది. రేటెంత వస్తుందని అడిగితే చెయ్యెత్తి మబ్బు చూపించాడు. పత్తికి ధర ఎంత ముఖ్యమో తేమ అంత ముఖ్యం. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, అక్కణ్నుంచి పెరిగేకొద్దీ కోత. 12 దాటితే సీసీఐ కొనదు. 'మంచు పడిందంటే మా దుడ్లు కరిగిపోయినట్లే' అన్నాడాయన. పంట చేతికొచ్చాక కూడా రైతు ఆకాశం వైపే చూడాలన్నమాట.

ఊరు దాటినా ఆదోని మనల్ని అంత తొందరగా వదలదు. వెనక్కి తిరిగితే కోట కొండలు కనిపిస్తూనే ఉంటాయి. విజయనగర రాజులు, బిజాపూర్ సుల్తానులు, ఔరంగజేబు, నిజాం, 1786లో ముట్టడించిన టిప్పు సుల్తాన్... ఈ కొండ కోసం ఎందరు తన్నుకున్నారో! బిజాపూర్ తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊళ్లో ఉంది. చివరికి 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లిషువాళ్లకు ఇచ్చేయడంతో దత్త మండలాల్లో కలిసిపోయింది. నాకు మాత్రం ఆ రోజు కోట కొండ దిక్సూచిగా పనికొచ్చింది. అది వీపు వెనక ఉన్నంతసేపు దారి సరైనదే.

మ్యాప్‌లో గీత, నేల మీద రేగడి

ఫోన్‌లోని మ్యాప్‌కు తారురోడ్డూ బండిబాటా ఒక్కటే. రెండూ సన్నగీతలే. నేల మీదకొస్తే తేడా తెలుస్తుంది. నల్లరేగడి ఎండినప్పుడు సిమెంటులా గట్టిగా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చాలు, టైరుకు పట్టుకుని చక్రం తిరగనివ్వదు. అదృష్టంకొద్దీ అప్పటికి వారంగా వాన లేదు. అసలు బెడద కంపచెట్లతో. దారికి రెండువైపులా అవే. రాలిన ముల్లు టైర్లో దిగిందంటే దిగబడిపోవాల్సిందే. స్పేర్ ట్యూబు, చిన్న పంపు లేకుండా ఈ దారుల్లోకి రావద్దు.

పెద్దతుంబళం దగ్గర రచ్చకట్ట మీద ఓ పెద్దాయన ఆపాడు.

"యాడికప్పా?"

"ఎమ్మిగనూరుకు తాతా."

"బస్సు లేదా?"

"ఉంది. ఊరికే ఇట్లా పోతాండా."

"ఊరికే ఎవురన్నా తొక్కుతారా నాయనా? మేం బతుకంతా తొక్కినాం. కొడుకు బండి కొనిచ్చినాక మానుకున్యాం."

నవ్వాను గానీ ఆ మాట రోజంతా వెంట వచ్చింది. నాకు సరదా అయినది ఆయనకు గతిలేక మోసిన బరువు.

పెద్దతుంబళంలో చాళుక్యుల కాలం నాటి పాత గుళ్లున్నాయి. పార్శ్వనాథుడి జైన తీర్థమూ ఇక్కడే. ఎక్కడో రాజస్థాన్, గుజరాత్ మూలాలున్న కుటుంబాలు కూడా వెతుక్కుంటూ వస్తాయి. ఆదోనిలో మాత్రం 'అక్కడేముంది?' అనేవాళ్లే ఎక్కువ.

తాళం వేసిన వీధి

పెద్దకడుబూరు వైపు వెళ్తుంటే ఓ పల్లెలో వింతగా అనిపించింది. ఆదివారం, పొద్దు బారెడెక్కింది. అయినా వీధిలో అలికిడి లేదు. ఓ వరసలో అయిదిళ్లుంటే నాలుగింటికి తాళాలు. అయిదో ఇంటి ముందు ఓ అవ్వ, పక్కన ఇద్దరు పిల్లలు.

"అందరూ యాడికి పోయినారవ్వా?"

"సుగ్గికి."

సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం, పండుగలాంటి మాట. సరిహద్దు దాటి మన పడమటి మండలాలకు వచ్చేసరికి దాని అర్థం వలస అయింది. ఖరీఫ్ పనులు తగ్గగానే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఆదోని మండలాల పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణకు పత్తి తీయడానికి కదులుతాయి. మళ్లీ ఇల్లు చేరేది ఉగాదికో, ఎండలు ముదిరాకో. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు ఆగుతుంది, వదిలిపోతే ముసలివాళ్ల మీద భారం. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. అవి సమయానికి తెరుచుకుంటాయా అన్నదాని మీదే ఒక్కో పిల్లాడి ఏడాది ఆధారపడి ఉంటుంది.

అవ్వ నాకు నీళ్లిచ్చింది. పిల్లలు సైకిల్ గేర్లు తిప్పి చూశారు. "ఇది ఎంత?" అని పెద్దవాడు అడిగాడు. ధర చెప్పలేక "చానా" అన్నాను. ఒకరింట్లో మూడు నెలల మిరప కోత డబ్బును నేను సరదాగా తొక్కుతున్నా మరి. "మా అక్కకు గవర్నమెంటు సైకిల్ ఇచ్చింది తెల్సా" అన్నాడు గర్వంగా. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద ఇచ్చినవాటిలో ఒకటి. అక్క చదువు అయిపోయింది, సైకిల్ మాత్రం ఇంకా పనిచేస్తోంది. దాని మీద ఇప్పుడు నీళ్ల బిందెలు వస్తాయట.

నీళ్లంటే కాలవ గుర్తొస్తుంది. 1953లో పూర్తయిన హొస్పేట తుంగభద్ర డ్యాం నుంచి బళ్లారి జిల్లా మీదుగా మనకు వచ్చే దిగువ కాలవను ఇక్కడ అందరూ 'ఎల్లెల్సీ' అంటారు. ఆదోని తాగునీటికి బసాపురం చెరువును నింపేదీ ఇదే. కాలవకు అటు పొలం, ఇటు పొలం చూస్తే చాలు, సుగ్గికి ఎవరు పోతారో ఎవరు పోరో చెప్పేయొచ్చు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ పల్లెలన్నీ టీవీల ముందే కూర్చున్నాయి. కన్నయ్యనాయుడు నేతృత్వంలో ఇంజినీర్లు వారం రోజుల్లో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దించి ఆపారు. నేనూ బీటెక్ చదివినవాణ్నే. మా దాంట్లో తప్పు జరిగితే సర్వర్ రీస్టార్ట్ చేస్తాం. ఇక్కడ గేటు పోతే ఊళ్లకు ఊళ్లు సుగ్గి బాట పట్టాల్సిందే.

మగ్గం చప్పుడు కోసం

ఎమ్మిగనూరు చేరేసరికి ఆకలి దంచేస్తోంది. ఈ సీమలో సైకిలిస్టుకు దొరికే వరం ఉగ్గాని బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగులు, పుట్నాల పొడి, ఉల్లిపాయ, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. కడుపు నిండుతుంది, కానీ బరువనిపించదు. అరగంటలో మళ్లీ పెడల్ తొక్కొచ్చు.

ఊళ్లో నేతన్నల వీధుల్లోకి వెళ్లా. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. కరువు సీమలో నేతగాడికి నూలు, కూలి, అమ్మకం, చివరికి ఇల్లు కూడా ఒక్కచోటే దొరికేలా చూశారు. 1954లో, అంటే పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు బట్ట విదేశాలకూ వెళ్లింది.

ఇప్పుడు ఆ వీధుల్లో మగ్గం చప్పుడు వినాలంటే సైకిల్ ఆపి చెవి ఒగ్గాలి. మరమగ్గాల బట్టతో ధరలో పోటీపడలేక, ఒక్కో ఇల్లు మగ్గం ఎత్తేస్తూ వచ్చింది. ఒకచోట మాత్రం వినిపించింది. గుంతలో కాళ్లు పెట్టి నేస్తున్నాయన తలెత్తకుండానే "రాప్పా, కూసో" అన్నాడు. పిల్లలు నేర్చుకున్నారా అంటే, "ఒకడు బెంగుళూరు, ఇంకోడు మొబైల్ షాపు. మంచిదే కదా" అన్నాడు. బాధ ఉందో లేదో ఆ గొంతులో తెలియలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

తెల్లగీతకు అవతల

తిరుగు ప్రయాణం కోటేకల్లు మీదుగా 167వ నంబరు జాతీయ రహదారి మీద. మధ్యాహ్నం ఎండ ఒకవైపు, మంత్రాలయం వెళ్లొచ్చే కార్లు మరోవైపు. ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. రోడ్డు అంచు తెల్లగీతకు అవతల మట్టిలో నాలాగే సైకిళ్ల మీద పోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. క్యారియర్‌కు పాల క్యాన్లు కట్టుకున్నాయన, గడ్డిమోపు పెట్టుకున్న మరొకాయన, ఇటుకల బట్టీ నుంచి వస్తున్న ఇద్దరు కుర్రాళ్లు. ఎవరికీ హెల్మెట్ లేదు, వెనక ఎర్ర స్టిక్కరూ లేదు. నేను మాత్రం మెరిసే జాకెట్, మిణుకుమిణుకు లైట్లతో ఉన్నా. లారీ వెనక నుంచి హారన్ కొడితే మేమందరం ఒకేలా మట్టిలోకి దిగాం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మన రోడ్డు పనులు వెడల్పు గురించి, వేగం గురించి మాట్లాడతాయి. పల్లె నుంచి టౌనుకు సైకిల్ మీద వచ్చేవాడికి తారు అంచున మూడడుగుల చదునైన జాగా ఇవ్వడానికి ఫ్లైఓవర్ అంత ఖర్చేమీ కాదు. అంచు తెగి అరడుగు లోతు దిగిపోయిన చోట మట్టి నింపినా చాలు. అడిగేవాళ్లు లేకపోవడమే కారణం. సైకిల్ తొక్కేవాడికి అర్జీ పెట్టే తీరిక ఉండదు, అర్జీ పెట్టగలిగినవాడు సైకిల్ దిగిపోయాడు.

మీరూ బయల్దేరాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మంచికాలం. ఆషాఢ మాసం గాలికి ఎదురు తొక్కడం మా సీమలో అయ్యే పని కాదు. ఎండాకాలమైతే ఆ ఊసే వద్దు. రెండు లీటర్ల నీళ్లు, స్పేర్ ట్యూబు, కొంచెం చిల్లర, వెనక ఎర్రలైటు పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు ఏ దారిన పోతున్నారో చెప్పండి. మొదటిసారికి 75 అక్కర్లేదు, 20 చాలు. పక్క ఊరి పేరు బోర్డు మీద చదివి వదిలేయకుండా ఆ బోర్డు వెనక్కి వెళ్లండి. తాళం ఎవరింటికి ఉందో, కాలవ ఎక్కడ ఆగిందో, మగ్గం ఎక్కడ ఇంకా మోగుతోందో తెలిశాక, ఆ పేరు ఇక బోర్డు మీది పేరులా ఉండదు.