ఆటవిమానము పరిశోధనకు పనికివచ్చునా?

పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి విమానములు నడుపుచుండుట మన పాఠకులు చూచియే యుందురు. "ఎందుకురా ఈ కాలక్షేపము?" అని మనము కసరుచుందుము. ఆ ఆటనే అమెరికాలో విమానశాస్త్ర పరిశోధకులు తమ పనికి వాడుకొనుచున్నారని తెలిసినచో మన గొంతు కొంత తగ్గును.

వినోదవస్తువు ఇట్లు విద్యకు ఉపకరించుట క్రొత్త కాదు. 1929లో ఎడ్విన్ లింక్ అను నతడు తన తండ్రి వాద్యముల కర్మాగారములో వాడు గాలితిత్తులతో, నేలమీదనే ఊగులాడు చిన్న విమానమొకటి తయారుచేసెను. మొదట దానిని కొన్నవారు వినోదశాలలవారు. 1934లో అమెరికా సైన్యము విమాన టపా నడుపబూని, చెడు వాతావరణములో కొన్ని వారములలోనే పలువురు వైమానికులను పోగొట్టుకొన్నది. అప్పుడు గాని ఆ బొమ్మ విలువ తెలియలేదు. ఆరు కొన్నారు.

నేటి సంగతి. ఎక్స్-ప్లేన్ అను ఆటలో రెక్కను చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కపై గాలి బలమెంతయో సెకనుకు పలుమార్లు లెక్కకట్టుదురు. ఆ అంకెలను బయటికి తీయుటకును, బయటినుండి ఆజ్ఞలు లోపలికి పంపుటకును నాసావారి ఏమ్స్ పరిశోధనాలయము ఒక సాధనము చేసి అందరికిని ఉచితముగా ఇచ్చినది. ఫ్లైట్‌గేర్ అను మరియొకటి కలదు. దాని మూలమంతయు బహిరంగమే. అందులోని లెక్కలను ప్రక్కకు నెట్టి పరిశోధకుడు తన సొంత సమీకరణములను పెట్టుకొనవచ్చును. అప్పుడు ఆట కన్నుగా మాత్రము మిగులును: కొండలు, మబ్బులు, రన్‌వే చూపును. మాకు ఈ ఉపాయమే మిక్కిలి నచ్చినది.

చిక్కంతయు లెక్కలోనే యున్నది. మేము గుమాస్తాలము, శుద్ధప్రతి ముత్యములవలె వ్రాసినను కూడిక కుదరనిదే ఆడిటరు సంతకము పెట్టడని ఎరుగుదుము. మామూలుగా ఎగురునపుడు ఆట అంకెలు చాలవరకు నమ్మదగియే యుండును. వేగము తగ్గి రెక్క పట్టుతప్పు సమయమున, అనగా స్టాల్ అనుదానిలో, లెక్క కష్టము. వెలగల శిక్షణయంత్రములకు సైతము ఆ కొరత యుండెడిది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరమువద్ద కోల్గన్ విమానము స్టాల్‌లో కూలి 50 మంది మరణించిరి. హెచ్చరిక వచ్చినపుడు పైలట్ కర్రను ముందుకు నెట్టుటకు బదులు వెనుకకు లాగెను. తరువాత 2016లో అమెరికా ప్రభుత్వము శిక్షణయంత్రములు స్టాల్‌ను సరిగా చూపవలెనని నిబంధనలు మార్చినది.

ఆలస్యము మరొక శత్రువు. కర్ర కదలిన తరువాత బొమ్మ కదలుటలో జాగైనచో, పైలట్ మరింత లాగును. తప్పు కంప్యూటరుది, నింద విమానమునకు. కనుక పరిశోధకులు ఆ వ్యవధిని కొలుతురు. నిజవిమానము ఎగిరిన రికార్డును ప్రక్కన పెట్టి, అదే విన్యాసమును ఆటలో చేయించి, గీత గీతతో పోల్చుదురు.

2009లో మైక్రోసాఫ్టువారు తమ విమానపు ఆట చేయు శాఖను మూసివేసిరి. లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ ఆ ప్రోగ్రాము హక్కులు పుచ్చుకొని, ప్రిపేర్‌త్రీడీ అను పేర శిక్షణకును పరిశోధనకును సవరించినది. దాని అనుమతిపత్రములో వినోదమునకు వాడరాదని వ్రాసియున్నది!